ఎనిమిది వందల మందికి వెయ్యి మంది వంట

(సెప్టెంబరు 29, ఆహార నష్టం, వృథాల మీద అవగాహన దినం. ఆ రోజు క్యాటరర్లు, ఫంక్షన్ హాళ్ల యజమానులు, కాలేజీ విద్యార్థులు కలిసిన సభలో గోదావరి జిల్లాలకు చెందిన ఒక క్యాటరర్ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారమండీ. వెనక వినపడుతోందా? సరే.

నన్ను పిలిచినవాళ్లు "మిగిలిపోయిన భోజనాన్ని ఏం చెయ్యాలో చెప్పండి" అన్నారు. చెప్తాను, కాని చివర్లో కాసేపు చెప్తాను. ఎందుకంటే మిగిలాక మనం ఏం చేసినా అది సగం పనే. పంచినా సగం పనే, ఎరువు చేసినా సగం పనే. అసలు అంత ఎందుకు మిగిలింది? ఎవరు వండమన్నారు, ఎవరు వండారు, లెక్క ఎక్కడ పెరిగింది? ఇది ఎవరూ అడగరండీ. పెళ్లి అయిపోయాక హాల్లో నలుగురు నిలబడి "అయ్యో ఎంత మిగిలిపోయిందో" అంటారు, పక్కనే ఉన్న పెద్దాయన "పోన్లే, తక్కువ పడకపోతే అదే పదివేలు" అంటారు, దాంతో ఆ చర్చ ముగుస్తుంది. ఇవాళ ఆ ముగిసిన చోట మొదలుపెడదాం.

ముందు ఒక పెద్ద లెక్క చెప్పేస్తాను, తర్వాత మన వంటశాలలోకి వచ్చేద్దాం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఒక నివేదిక ఇచ్చింది. 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల తిండి చెత్తలోకి వెళ్లిందట. అందులో తొక్కలు, ఎముకలు కూడా కలిసే ఉన్నాయి, అది కూడా చెప్పాలి. అందులో నూటికి అరవై పాళ్లు ఎక్కడి నుంచి? ఎవరైనా చెప్తారా? హోటళ్లా? కాదమ్మా. పెళ్లిళ్లా? కాదు. ఇళ్ల నుంచి. మన ఇళ్ల నుంచి. హోటళ్లు, క్యాంటీన్లు, మాలాంటి క్యాటరింగులు అన్నీ కలిపితే నూటికి 28. మిగతాది దుకాణాలు. మన దేశంలో ఇళ్లలో మనిషికి ఏడాదికి 55 కిలోలని అంచనా వేశారు. మరి అదే ఏడాది ఆకలితో ఉన్నవాళ్లు 78 కోట్ల మంది దాకా అని అంచనా. నేనీ అంకెలు చెప్పి మిమ్మల్ని బాధపెట్టాలని కాదు. పెళ్లి భోజనాలను తిట్టి ఇంటికెళ్లి ఫ్రిజ్‌లో మూడు రోజుల నాటి కూర పారేసేవాళ్లం మనమే అని చెప్పడానికి. కాని నాకు తెలిసింది పెళ్లి వంట కాబట్టి దాని గురించే మాట్లాడతాను. నాకు తెలియని దాని గురించి మాట్లాడితే అది కూడా వృథాయే కదండీ.

ఇప్పుడు లెక్క ఎలా పెరుగుతుందో చూడండి. పెళ్లికి నిజంగా వచ్చి తినేవాళ్లు ఎనిమిది వందల మంది అనుకుందాం. పెళ్లికూతురి తండ్రి ఏమంటాడు? "తొమ్మిది వందలకి చెయ్యండి, తక్కువైతే పరువు పోతుంది." ఆయన భయం ఆయనది. క్యాటరర్ ఆ తొమ్మిది వందలు విని లోపల ఇంకో యాభై వేసుకుంటాడు, ఎందుకంటే తక్కువ పడితే తిట్లు తినేది అతనే. వంట మేస్త్రి దగ్గరికి వెళ్లేసరికి అతను బియ్యం కొలిచేటప్పుడు, పప్పు పోసేటప్పుడు, ఎందుకైనా మంచిదని ఇంకో రెండు చేతులు ఎక్కువ పోస్తాడు. ముగ్గురూ మంచివాళ్లే. ముగ్గురూ భయపడ్డారు. ఒకరి భయం సంగతి ఇంకొకరికి తెలియదు. తెల్లారేసరికి ఎనిమిది వందల మందికి వెయ్యి మంది వంట తయారు. ఆ రెండు వందల మందీ ఎవరండీ? ఏ ఊరివాళ్లు? ఎవరూ లేరు. ఆ రెండు వందల మందీ మన ముగ్గురి భయంలోంచి పుట్టుకొచ్చిన చుట్టాలు.

మరి దీనికేం చెయ్యాలి? "తక్కువ వండండి" అని చెప్తే ఎవరూ వినరు, నేనే వినను. తక్కువ పడటం నిజంగానే ఘోరం. కాని వండటం వేరు, సరుకు దగ్గర ఉంచుకోవడం వేరు. ఇక్కడే అసలు కిటుకు ఉంది. తొమ్మిది వందల మందికి సరుకు తెచ్చుకోండి, వెయ్యికైనా తెచ్చుకోండి. పొయ్యి మీదకి మాత్రం ఏడు వందలకే ఎక్కించండి. మిగతాది రెండో వాయికి అట్టిపెట్టండి. మొదటి రెండు బంతులు లేచేటప్పటికి హాల్లో జనం ఎంతమంది ఉన్నారో, బయట కారు దిగేవాళ్లు ఎంతమందో తెలిసిపోతుంది. అప్పుడు అన్నం ఎక్కించండి. గ్యాసు పొయ్యి మీద అన్నం ఎంతసేపండీ, అరగంట. పప్పు ముందే ఉడకబెట్టి ఉంచుకుంటే తాలింపు ఎంతసేపు? గారెల పిండి అయినా అంతే, వేయించడం ఎప్పటికప్పుడు చెయ్యాల్సిందే, చల్లారిన గారె ఎవడు తింటాడు? వండని బియ్యం తిరిగి బస్తాలోకి వెళ్తుంది. వండిన అన్నం ఎక్కడికీ వెళ్లదు.

అన్నిటికీ కుదరదు, అది కూడా ఒప్పుకుందాం. గుత్తివంకాయ కోసేశాక తిరిగి పెట్టలేం. పనసపొట్టు కొట్టాక అంతే. బూరెల పూర్ణం అంతే. అందుకని అలాంటివాటికి లెక్క కచ్చితంగా ఉండాలి, అన్నం, పప్పు, చారు, అప్పడం లాంటివాటిని వాయిల్లో వండాలి. ఇవాళ మీ భోజనాలూ అలాగే జరుగుతున్నాయి. నిర్వాహకులు రెండు వందలన్నారు, ఇక్కడ నాకు కనపడుతున్నది నూట ముప్పై తలకాయలు. మా కుర్రాళ్లు నన్ను చూసి సైగ చేస్తున్నారు, రెండో వాయి ఎక్కించాలా వద్దా అని. వద్దు నాయనా, ఆగు.

ఇంకో మాట. మొదటిది మనుషుల లెక్క అయితే రెండోది ఐటమ్స్ లెక్క. నేను ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తల్లో పెళ్లి భోజనం అంటే రెండు కూరలు, పప్పు, పులిహోర, ఒక స్వీటు, గారె, పచ్చడి, దప్పళం, పెరుగు. కడుపు నిండేది. ఇప్పుడు నలభై ఐటమ్స్ లేనిదే మెనూ కార్డు ప్రింటింగుకే వెళ్లదు. మనిషి పొట్ట పెరిగిందా? పెరగలేదు. నలభైలో ఒక్కోటీ చెంచాడు వేసినా పొట్ట దాటిపోతుంది. ఇంకా ఏమవుతుందంటే, ఐటమ్ ఎన్నయితే గిన్నెల అడుగులు అన్ని. ప్రతి గిన్నెలో అడుగున ఎంతో కొంత ఉండిపోతుంది. పది గిన్నెల అడుగు వేరు, నలభై గిన్నెల అడుగు వేరు. ఈ సంగతి గిన్నెలు తోమే అమ్మాయికి తెలుసు, మెనూ రాసేవాళ్లకి తెలియదు.

మీరెవరైనా ఎప్పుడైనా ఆకులు ఎత్తే చోట నిలబడ్డారా? పెళ్లికి వెళ్తే అందరూ స్టేజీ దగ్గర నిలబడతారు ఫోటోకి. ఈసారి ఓ పది నిమిషాలు ఆకులు ఎత్తి పడేసే డ్రమ్ము దగ్గర నిలబడండి. ఏం కనపడుతుందో తెలుసా? కొరకని లడ్డు. చెయ్యి పెట్టని పెరుగువడ. మడత విప్పని చపాతీ. ఐదేళ్ల పిల్లాడి ముందు వేసిన ఆకు, పెద్దవాళ్లకి వేసినన్నీ వేసి, వాడు అప్పడం ఒక్కటి కొరికి లేచిపోయినది. అంటే జనం తిని వదిలేసింది తక్కువ, అసలు ముట్టుకోనిదే ఎక్కువ. ఎందుకని? మనిషి వచ్చి కూర్చోకముందే ఆకు నింపేస్తున్నాం. బంతి తొందరగా లేవాలని, ముందే ఉన్న రకాలన్నీ వడ్డించేసి అప్పుడు గేటు తీస్తున్నాం. కాకరకాయ తినని మనిషి వద్దని ఎవరితో చెప్పాలి? వడ్డించినవాడు అప్పటికే పక్క వరసలో ఉన్నాడు.

కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద అంటారు. నిజమే, నేనేం కాదనను. కాని కొసరడానికి మనిషి ఎదురుగా ఉండాలి కదా? ఖాళీ కుర్చీకి కొసరితే అదేం మర్యాద? మా బృందంలో మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. కూర్చునేలోపు ఆకు మీద ఉప్పు, పచ్చడి, స్వీటు ఒక్కటి, పులిహోర కొంచెం, అంతే. మిగతావన్నీ మనిషి మొహం చూసి అడిగి వెయ్యాలి. పిల్లలకి సగం. "చాలు" అంటే చాలు, చెయ్యి అడ్డం పెట్టిన తర్వాత వేళ్ల సందుల్లోంచి వెయ్యకూడదు. నవ్వుతున్నారు, మీ అందరికీ ఆ అనుభవం ఉంది! దీనికి వడ్డనకి ఇద్దరు ముగ్గురు మనుషులు ఎక్కువ కావాలి. అవును, కావాలి. ఆ కూలి కంటే పారేసే సరుకు ఖరీదు ఎక్కువ. బఫేలో అయితే చిక్కు వేరు, అక్కడ లైనులో మళ్లీ నిలబడాలనే బద్ధకంతో అన్నీ ఒకేసారి ప్లేటులో గుట్ట పోసుకుంటారు. అన్నానికి, పెరుగుకి వేరే కౌంటరు, లైను లేకుండా పెట్టండి, చాలా తగ్గుతుంది.

ఇప్పుడు పారేసిన అన్నం సంగతి. వరి పండేది మన డెల్టాలోనే కాబట్టి ఈ లెక్క మీకు తొందరగా ఎక్కుతుంది. కిలో వడ్లు పండాలంటే సగటున 2,500 లీటర్ల నీళ్లు కావాలని వరి శాస్త్రవేత్తలు చెప్తారు, వానా కాలువా కలిపి. క్వింటా వడ్లు ఆడిస్తే పచ్చి బియ్యం 67 కిలోలని ప్రభుత్వం మిల్లర్లకి పెట్టిన లెక్క. అంటే పది కిలోల బియ్యానికి పదిహేను కిలోల వడ్లు. వాటికి నీళ్లు 37 వేల లీటర్ల పైన. ఐదు వేల లీటర్ల ట్యాంకరు తెలుసు కదా, ఎండాకాలం అపార్టుమెంట్ల ముందు ఆగుతుంది, దాని కోసం బిందెలు పట్టుకుని కొట్టుకుంటారు. అవి ఏడు. ఏడు ట్యాంకర్ల పైన. పది కిలోల బియ్యం వండి పారేయడం పెళ్లిలో ఒక లెక్కే కాదు, మధ్యాహ్నం మూడింటికల్లా జరిగిపోతుంది. ధవళేశ్వరం నుంచి కాలువ దిగి, పంట బోదెలోకొచ్చి, చేలో నిలిచిన నీళ్లు డ్రమ్ములో పోసినట్టే.

నీళ్లొక్కటే కాదు. చేలో నీళ్లు నిలబడితే అడుగున మట్టికి గాలి అందదు. గాలి అందని చోట బతికే సూక్ష్మజీవులు మీథేన్ వాయువు వదుల్తాయి. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే అది బొగ్గుపులుసు వాయువు కంటే ఎనభై రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. సరే, పంట పండింది, బియ్యమైంది, అన్నమైంది, పారేశాం. డంపింగ్ యార్డులో చెత్త కింద కూరుకుపోయింది. అక్కడా గాలి అందదు. మళ్లీ మీథేన్. ఒకే మెతుకు రెండుసార్లు. ఒకసారి పండేటప్పుడు, ఒకసారి కుళ్లేటప్పుడు. చేలో వచ్చేదాన్ని తగ్గించడానికి ఆరుతడి పద్ధతి ఉంది, నీళ్లు పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ పెట్టడం, రైతులు కొందరు చేస్తున్నారు. రైతుని అంత కష్టపెట్టి మనం ఇక్కడ డ్రమ్ములు నింపితే ఏం లాభం?

అదే మిల్లు చూడండి, మిల్లులో ఏదైనా పారేస్తారా? ఊక బాయిలరులోకి పోతుంది. తవుడు నూనె తీయడానికి పోతుంది. నూకలు ఉప్మాకో దాణాకో పోతాయి. వడ్లు లోపలికి వెళ్తే బయటికి చెత్త అనేది రాదు, ప్రతిదానికీ కొనేవాడు ఉన్నాడు. మన ఇళ్లలో కూడా అంతే కదా ఉండేది. బీరకాయ కూర చేస్తే చెక్కు పారేసేవారా? బీరపొట్టు పచ్చడి. అరటి చెట్టు కొడితే దూట కూర, పువ్వు కూర. రాత్రి అన్నం పొద్దున చద్దన్నం, ఇంకా మిగిలితే వడియాలు. బియ్యం కడుగు, తొక్కలు, గంజి కుడితి తొట్టిలోకి, అక్కడి నుంచి గేదెకి, గేదె నుంచి మళ్లీ పాలు. ఇప్పుడు తొట్టీ లేదు, గేదే లేదు, మూడో అంతస్తులో గేదెని ఎక్కడ కడతాం? ఆ రోజులు తిరిగి రావు, రావాలని నేను అనడం లేదు. ఆ తొట్టి చేసే పని ఇప్పుడు ఎవరు చెయ్యాలి అన్నదే ప్రశ్న.

బోయినపల్లి మార్కెట్ సంగతి వినే ఉంటారు, సికింద్రాబాద్ దగ్గర కూరగాయల మార్కెట్. అక్కడ రోజూ కుళ్లిన కూరగాయలు పది టన్నుల దాకా వస్తాయి. హైదరాబాద్‌లోని ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో అక్కడ బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. అప్పట్లో రోజుకి ఐదు వందల యూనిట్ల కరెంటు వచ్చేది, అదే మార్కెట్‌కి. 2021 జనవరిలో ప్రధాని రేడియోలో దాని గురించి చెప్పారు కూడా. అక్కడ ఎందుకు కుదిరింది? కూరగాయల చెత్త కూరగాయల చెత్తగానే ఉంది కాబట్టి. మన హాలు దగ్గర డ్రమ్ము చూడండి, అన్నం, సాంబారు, టిష్యూ పేపర్లు, ప్లాస్టిక్ గ్లాసులు, సగం తాగిన చిన్న నీళ్ల సీసాలు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జులై 1 నుంచే దేశమంతా నిషేధం. కొందరు ఇంకా దొంగచాటుగా వాడుతున్నారు, వాళ్ల పేర్లు ఇక్కడ చెప్పను, వాళ్లకి తెలుసు. ఆ చిన్న సీసాకి మాత్రం నిషేధం లేదు, అందుకని అది రాజ్యమేలుతోంది. రెండు గుక్కలు తాగి మూత పెట్టి వదిలేస్తారు, నీళ్లూ వృథా, సీసా వృథా. స్టీలు గ్లాసు పెట్టండయ్యా. కడగడానికి మనిషి కావాలంటారు. కావాలి. ఆకుల్ని, ప్లాస్టిక్‌ని వేరుగా పెట్టడం మన దయాదాక్షిణ్యం మీద ఆధారపడిన విషయం కూడా కాదు. 2016 చెత్త నిబంధనల్లోనే రాశారు, లైసెన్సు లేని చోట వంద మంది దాటి కార్యక్రమం పెడితే మూడు పనిదినాల ముందు మున్సిపాలిటీకి చెప్పాలని, తడీ పొడీ వేరు చెయ్యాలని. ఎంతమంది చెప్పారు ఇక్కడ? చేతులెత్తండి. ఊ.

టమాటా గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. మదనపల్లె మార్కెట్‌లో 2023 జులైలో కిలో వంద దాటి పోయింది, దొంగలు పడతారని చేల దగ్గర కాపలా పడుకున్నారు. అదే టమాటా పత్తికొండలో కిలో రూపాయికి పడిపోయిన రోజులూ చూశాం. కోత కూలి కూడా రాదని చేలోనే వదిలేస్తారు, తెచ్చినవాళ్లు రోడ్డు మీద పోసి పోతారు. అందరూ ఫ్యాక్టరీ పెట్టండి, సాస్ చెయ్యండి అంటారు. మన మార్కెట్‌కి వచ్చే రకాల్లో నీళ్లెక్కువ, గుజ్జు తక్కువ, సాస్ వాళ్లకి గుజ్జు రకం కావాలి. కాబట్టి అది ఒక్క రోజులో తేలే పని కాదు. కాని నేను, మీరు చెయ్యగలిగింది ఒకటుంది. చారుకి, పచ్చడికి, సాంబారుకి పోసే టమాటా గుండ్రంగా, ఎర్రగా, ఒకే సైజులో ఎందుకండీ? ఎలాగూ నలిగిపోయేదే కదా. గ్రేడింగులో, అంటే సైజూ రంగూ చూసి ఏరేటప్పుడు, పక్కన పడేసిన చిన్న కాయ, వంకర కాయ కొనండి. మచ్చ ఉంటే మచ్చ కోసేయండి. రైతుకి నాలుగు డబ్బులు, మనకీ చవక. కోసిన తర్వాత జరిగే నష్టమే మన దేశంలో ఏడాదికి లక్షన్నర కోట్ల రూపాయల పైన అని 2022లో ఒక అధ్యయనం తేల్చింది. అందులో మన గ్రేడింగు పిచ్చి వాటా ఎంతో కొంత ఉండే ఉంటుంది.

ఇక పంచడం. మాట ఇచ్చాను కాబట్టి చెప్తాను. మిగిలినదాన్ని తీసుకెళ్లి పంచే సంస్థలు చాలా ఊళ్లలో ఉన్నాయి, రాబిన్ హుడ్ ఆర్మీ లాంటివాళ్లు ఉన్నారు. 2019లో ఆహార భద్రతా సంస్థ దీనికి నిబంధనలు కూడా తెచ్చింది. కాని మనవాళ్లు ఏం చేస్తారంటే, రాత్రి పదకొండున్నరకి, అంతా అయిపోయి, బంధువులు బస్సెక్కాక, అప్పుడు ఫోను చేస్తారు. మధ్యాహ్నం వండిన అన్నం అప్పటికి ఎలా ఉంటుంది? అన్నంలో ఉడికినా చావని సూక్ష్మజీవుల బీజాలు ఉంటాయి, గోరువెచ్చగా గంటల తరబడి ఉంచితే అవి పెరిగి విషం కక్కుతాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. మీ పిల్లలకి పెట్టనిది పక్కవాళ్ల పిల్లలకి ఎలా పెడతారు? పంచాలనుకుంటే గిన్నె మూత తియ్యనిది, పొగలు కక్కుతున్నది, టేబుల్ మీదకి రానిది ఇవ్వండి. మూడో బంతి నడుస్తుండగానే ఫోను చెయ్యండి. పెరుగన్నం, పచ్చి కొబ్బరి వేసిన కూరలు ఇవ్వకండి. బఫేలో తెరిచి పెట్టినవి అసలు వద్దు.

చివరికి డబ్బు దగ్గరికి వద్దాం, అసలు కథ అంతా అక్కడే ఉంది. ప్లేటు లెక్కన ఒప్పుకుంటాం. తొమ్మిది వందల ప్లేట్లంటే తొమ్మిది వందలకి బిల్లు, ఎనిమిది వందల మంది తిన్నా సరే. అప్పుడు ఎక్కువ చెప్పొద్దని క్యాటరర్ ఎందుకంటాడు? హోస్టు తన భయానికి డబ్బు కడుతున్నాడు, క్యాటరర్ తీసుకుంటున్నాడు, హాలువాడికి సంబంధం లేదు, చెత్త మున్సిపాలిటీ ఎత్తుకుపోతుంది. ఎవరి జేబుకీ నొప్పి లేదు. నొప్పి లేనిచోట మార్పు రాదండీ. దక్షిణ కొరియాలో 2013 నుంచి ఇంట్లో తడి చెత్తకి కూడా ఎంత పారేస్తే అంత కట్టాలి, చాలాచోట్ల డబ్బాయే తూకం వేస్తుంది.

అందుకని నేను మా ఒప్పందం మార్చాను. తొమ్మిది వందలు చెప్తే, ఏడున్నర వందల ప్లేట్లకి గ్యారంటీగా డబ్బు తీసుకుంటాను. ఆపైన తిన్న ఆకుకే డబ్బు, ఆకులు నేనూ హోస్టు మనిషీ కలిసి లెక్కపెడతాం. వండని సరుకు నాది, నేనే వెనక్కి తీసుకెళ్తాను. ప్లేటు రేటు మాత్రం కొంచెం ఎక్కువ, ఎందుకంటే నేను పొయ్యి దగ్గర మనుషుల్ని ఆఖరి బంతి దాకా ఉంచాలి. మొదట్లో బేరం ఆడతారు, మొత్తం బిల్లు పక్కపక్కన రాసి చూపిస్తే ఒప్పుకుంటారు. అందరూ ఒప్పుకుంటారని చెప్పను. పరువు పట్టింపు ఉన్నవాళ్లు ఒప్పుకోరు, వాళ్లకి నేను చెయ్యను అనేంత ధైర్యం నాకు లేదు, వాళ్లకీ చేస్తాను.

"మీరు వస్తున్నారా" అని చుట్టాన్ని అడగడం మనకి తప్పు. అలా అడగొద్దు. ఇంట్లో ఒక మేనత్తో పిన్నో ఉంటుంది, అందరి ఫోన్లూ ఆవిడ దగ్గర ఉంటాయి. ఆవిడ చేత "భోజనానికి ఉంటారుగా, రాత్రి ముహూర్తమా పొద్దున వ్రతమా" అని అడిగించండి. ఎవరూ ఏమీ అనుకోరు, పైగా సంతోషిస్తారు. పెళ్లికి నాలుగు రోజుల ముందు ఆవిడ చెప్పే అంకె మగవాళ్లు చెప్పే అంకె కంటే ఎప్పుడూ కరెక్టు.

ఇక హాలు యజమానులకి నా విన్నపం ఒకటి. ఆకులు ఎత్తే చోట ఒక కాటా పెట్టండి. డ్రమ్ము బయటికి వెళ్లే ముందు తూకం వేసి, ఆ కిలోలు హాలు బిల్లు కింద ఒక లైను రాసి ఇవ్వండి. డబ్బు వసూలు చెయ్యమనడం లేదు, ఇప్పుడే వద్దు, అంకె మాత్రం రాయండి. అన్నం ఎంత, కూరలు ఎంత అని వేరువేరుగా రాస్తే ఇంకా మంచిది, వచ్చే పెళ్లికి మెనూ రాసేటప్పుడు పనికొస్తుంది.

నేను చెప్పాల్సింది అంతేనండీ. ప్రశ్నలుంటే అడగండి. మూడో వరసలో హాలు యజమాని గారొకరు కాటా ఖర్చు ఎవరిదని ఇందాకటి నుంచి పక్కాయన్ని అడుగుతున్నారు, ముందు ఆయనకి మైకు ఇవ్వండి.